రాయిని కరిగించే బ్యాక్టీరియా: అణు ఇంధనం, మన నీళ్లు

సికింద్రాబాద్‌కు ఒకవైపు బేగంపేట, మరోవైపు మౌలాలి. బేగంపేటలో అణు ఖనిజాల అన్వేషణ, పరిశోధన డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం ఉంది. దేశంలో యురేనియం ఎక్కడుందో వెతికి చెప్పే సంస్థ అది. 1949లో చిన్న సర్వే విభాగంగా మొదలై, 1970ల్లో ఢిల్లీ నుంచి ఇక్కడికి తరలివచ్చింది. మౌలాలి దాటి ఈసీఐఎల్ వైపు వెళ్తే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వస్తుంది. 1971లో ఏర్పడిన ఆ కర్మాగారంలో యురేనియాన్ని శుద్ధి చేసి, పొడిని బిళ్లలుగా ఒత్తి, కొలిమిలో కాల్చి, జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాల్లో నింపి, కట్టలుగా కట్టి దేశంలోని అణు విద్యుత్ కేంద్రాలకు పంపుతారు.

ఒకరు రాయిని వెతుకుతారు. ఇంకొకరు ఇంధనం తయారుచేస్తారు. ఈ రెండింటికీ మధ్య రాయిలోంచి లోహాన్ని బయటికి తీసే పని ఉంది. దాని గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. గని దగ్గరి ఊళ్ల గాలి, నీరు, పొలం ఎలా ఉంటాయన్నది మాత్రం చాలావరకు ఆ మధ్య పనిమీదే ఆధారపడుతుంది. కంటికి కనిపించని కొన్ని బ్యాక్టీరియా ఆ పనిని మనిషి కంటే ఎంతో ముందునుంచే చేస్తున్నాయి. అవి ఆమ్లాన్ని పుట్టిస్తాయి, రాయిని గుల్ల చేస్తాయి. వాటిని పనిలో పెట్టుకుని ఇంధనం తీయవచ్చా? తీస్తే ఎక్కడ తీయవచ్చు, ఎక్కడ తీయకూడదు? ఈ రోజు మీతో పంచుకోదలచిన విషయం ఇదే.

ముందు ఆ జీవుల సంగతి చూద్దాం.

అమెరికాలోని బొగ్గు గనుల నుంచి ఎర్రగా, పసుపుగా, పుల్లటి నీళ్లు పారడం, వాటివల్ల వాగుల్లో చేపలు చచ్చిపోవడం చాలాకాలంగా అక్కడివాళ్లు చూస్తున్నదే. బొగ్గులో పైరైట్ అనే ఖనిజం ఉంటుంది. అందులో ఇనుము, గంధకం కలిసి ఉంటాయి. బంగారంలా మెరిసి మనుషుల్ని మోసం చేసే రాయి అది. దానికి గాలీ నీరూ తగిలి ఆమ్లం పుడుతోందని అందరూ అనుకునేవారు. ఆ నీటిని పరిశీలించిన కోల్మర్, హింకిల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, ఇందులో బ్యాక్టీరియా చెయ్యి కూడా ఉందని 1947లో ప్రకటించారు. ఆ బ్యాక్టీరియాను ఇప్పుడు ఆసిడిథయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్ అంటున్నారు. పేరు పొడుగే కానీ ఒళ్లు చాలా చిన్నది. మిల్లీమీటరులో వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతులు ఉండే చిన్న కడ్డీ లాంటి జీవి.

దానికి ఎండతో పని లేదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో ఒళ్లు పెంచుకుంటుంది. అందుకు కావలసిన శక్తిని ఇనుము నుంచి, గంధకం నుంచి సంపాదించుకుంటుంది. నిమ్మరసమంత పుల్లటి నీళ్లలో, మిగతా జీవులు చాలావరకు బతకలేని చోట, అది హాయిగా పెరుగుతుంది.

ఇది రాయిని ఎలా కరిగిస్తుందో కొంచెం నిదానంగా చూద్దాం. ఇనుముకు రెండు స్థితులున్నాయి. ఫెర్రస్ స్థితిలో దాని దగ్గర ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ ఉంటుంది. దాన్ని వదులుకుంటే ఫెర్రిక్ అవుతుంది. బ్యాక్టీరియా ఆ ఎలక్ట్రాన్‌ను తీసుకుని ఆక్సిజన్‌కు అందిస్తుంది. ఆ మార్పిడిలో దొరికే కొద్దిపాటి శక్తే దాని తిండి. అంత పుల్లటి నీటిలో కేవలం గాలి వల్ల ఈ మార్పు జరగాలంటే ఏళ్లు పడుతుంది. బ్యాక్టీరియా ఉంటే ఆ వేగం 10 లక్షల రెట్ల దాకా పెరుగుతుందని లెక్కగట్టారు.

ఫెర్రిక్ ఇనుము ఎలక్ట్రాన్ కోసం కాచుకుని ఉంటుంది. రాయిలోని యురేనియం మామూలుగా నాలుగో స్థితిలో, నీటిలో కరగకుండా ఉంటుంది. ఫెర్రిక్ ఇనుము దాని దగ్గర రెండు ఎలక్ట్రాన్లు లాక్కుంటే అది ఆరో స్థితికి చేరి, ఆమ్లపు నీటిలో కరిగిపోతుంది. ఎలక్ట్రాన్ దొరికిన ఇనుము మళ్లీ ఫెర్రస్ అవుతుంది. బ్యాక్టీరియా దాన్ని మళ్లీ ఫెర్రిక్ చేస్తుంది. అదే ఇనుము ఇలా తిరిగి తిరిగి పనికొస్తుంది. మరోపక్క పైరైట్‌లోని గంధకం గంధకికామ్లంగా, అంటే సల్ఫ్యూరిక్ ఆసిడ్‌గా మారుతుంది. కాబట్టి కావలసిన ఆమ్లమూ అక్కడే తయారవుతుంది, కావలసిన ఇనుమూ అక్కడే దొరుకుతుంది. బ్యాక్టీరియా యురేనియాన్ని తినదు. తన బతుకు తాను బతుకుతూ, యురేనియం కరిగే పరిస్థితిని ఏర్పరుస్తుందంతే.

కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో ఇలియట్ లేక్ అనే గనుల ఊరుంది. అక్కడి యురేనియం గులకరాళ్లు కలిసి గట్టిపడిన అతి పాత శిలలో, దండిగా ఉన్న పైరైట్‌తో పాటు దొరుకుతుంది. ఆ గనుల గోడల్ని నీళ్లతో కడిగితే ఆ నీళ్లలోకి యురేనియం దిగుతోందని 1960ల్లో గమనించారు. ఎవరూ ఆమ్లం పోయలేదు, గనిలో ఉన్న బ్యాక్టీరియానే ఆ పని చేసింది. తర్వాత డెనిసన్ గనిలో దాన్ని పద్ధతి ప్రకారం చేశారు. భూమి లోపలే రాయిని పేల్చి, ముక్కలను అక్కడే ఉంచి, ఆమ్లపు గని నీటిలో ముంచి, కొన్నాళ్లకు నీళ్లు తోడేసి, గాలి తగలనిచ్చి, మళ్లీ ముంచేవారు. 1988లో ఆ పద్ధతిలో సుమారు 300 టన్నుల యురేనియం తీశారు. రాయిని పైకి మోసుకొచ్చి పిండి కొట్టే ఖర్చు తప్పింది. మామూలుగా వదిలేసే తక్కువ రకం ఖనిజం కూడా పనికొచ్చింది.

మన దేశంలో జార్ఖండ్‌లోని జాదుగూడ మిల్లు 1968 నుంచి యురేనియం తీస్తోంది. అక్కడ ఖనిజాన్ని మెత్తగా పొడిచేసి గంధకికామ్లంలో నానబెడతారు. ఫెర్రిక్ ఇనుమును నిలబెట్టడానికి మాంగనీస్ ఖనిజాన్ని కలుపుతారు. ఆ మాంగనీస్ చేసే పని బ్యాక్టీరియాకూ వచ్చు. అందుకే జంషెడ్‌పూర్‌లోని నేషనల్ మెటలర్జికల్ లాబొరేటరీ శాస్త్రవేత్తలు ఆ ప్రాంతపు గని నీటిలోంచే బ్యాక్టీరియాను పెంచి, అక్కడి ఖనిజాల మీద ప్రయోగాలు చేశారు. సీసాల్లోనూ నిలువు గొట్టాల్లోనూ అవి మంచి ఫలితాలిచ్చాయి.

యురేనియం ఒక్కటే కాదు, ముడిచమురు సంగతీ చెప్పుకోవాలి. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాక, అమెరికా తన పశ్చిమ రాష్ట్రాల్లోని ఆయిల్ షేల్ వైపు చూసింది. ఆ రాయిలో కెరోజెన్ అనే సేంద్రియ పదార్థం చిక్కుకుని ఉంటుంది. వేడిచేస్తే అది నూనె అవుతుంది. కానీ దాని చుట్టూ ఉన్న రాయిలో చాలా భాగం కార్బొనేట్లు, అంటే సున్నపురాయి జాతి. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆమ్లాన్ని పుట్టించే బ్యాక్టీరియాతో ఆ కార్బొనేట్లను కరిగించి, కెరోజెన్‌కు దారి చేయాలని ప్రయత్నించారు. 1976లో వాళ్లు ప్రకటించిన ఫలితాల్లో రాయి కరిగింది కూడా. అయినా ఆ పద్ధతి పరిశ్రమగా ఎదగలేదు. సున్నపురాయి మీద గంధకికామ్లం పడితే జిప్సం పుడుతుంది. అది రాతి సందుల్లో పేరుకుంటే నీటి దారి మూసుకుపోతుంది. ఇంత చేశాక కూడా కెరోజెన్‌ను నూనె చేయడానికి కొలిమి తప్పదు.

గంధకంతో బతికే ఈ జాతి బ్యాక్టీరియా నగరాల్లోనూ ఉంది. మురుగు పైపుల్లో కుళ్లిన గుడ్డు వాసన వేసే వాయువు పుడుతుంది కదా. పైపు పైకప్పున తడిలో ఉండే బ్యాక్టీరియా ఆ వాయువును గంధకికామ్లంగా మారుస్తుంది. కాంక్రీట్‌లోని సున్నం ఆ ఆమ్లానికి తట్టుకోలేదు. పైనుంచి పెళుసై పైపు కూలుతుంది. ఆస్ట్రేలియాలోని పార్కర్ అనే శాస్త్రవేత్త 1945లోనే ఈ సంగతి తేల్చాడు. రాయిని కరిగించే సత్తా వీటికి ఎంత ఉందో మున్సిపల్ ఇంజనీర్లను అడిగితే చెబుతారు.

అసలు నేను చెప్పదలచుకున్నది ఇక్కడినుంచి మొదలవుతుంది. బ్యాక్టీరియాకు సత్తా ఉన్నా, పని జరుగుతుందా లేదా అన్నది రాయి చేతిలో ఉంటుంది.

ఈ సంగతి మీ వంటింట్లోనే చూడవచ్చు. సికింద్రాబాద్‌లో పాత ఇళ్లలో వంటగట్టు మీద కడప బండ ఉంటుంది. నల్లగా, నున్నగా ఉంటుంది. కొత్త ఇళ్లలో గ్రానైట్ వేస్తున్నారు. కడప బండ మీద నిమ్మకాయ పిండి, రసం తుడవకుండా వదిలేస్తే, కాసేపటికి అక్కడ నునుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. చింతపండు పులుసు ఒలికినా అంతే. ఆ మచ్చ ఎంత తోమినా పోదు, ఎందుకంటే అది మరక కాదు. అక్కడ రాయి పైపొర కరిగిపోయింది. కడప బండ సున్నపురాయి జాతిది, ఆమ్లం తగిలితే కరుగుతుంది. అదే రసం గ్రానైట్ మీద పడితే గుడ్డతో తుడిస్తే చాలు. గ్రానైట్‌లో ఉండేవి ఎక్కువగా సిలికేట్లు. నిమ్మరసానికి అవి లొంగవు.

ఇప్పుడు ఇదే పరీక్షను మన రెండు రాష్ట్రాల యురేనియం మీద పెట్టి చూద్దాం.

కడప జిల్లాలో పులివెందుల దగ్గర తుమ్మలపల్లె ఉంది. అక్కడి యురేనియం వేంపల్లె శిలాశ్రేణిలో ఉంది. సుమారు 190 కోట్ల ఏళ్ల నాడు సముద్రం అడుగున పేరుకున్న డోలమైట్ అది. డోలమైట్ అంటే సున్నంతో పాటు మెగ్నీషియం కూడా ఉన్న కార్బొనేట్ రాయి. 1980ల్లోనే అక్కడ యురేనియం ఉందని తెలిసినా, చాలాకాలం తీయలేకపోయారు. టన్ను రాయిలో యురేనియం ఆక్సైడ్ అర కిలో కూడా ఉండదు. రాయిలో మూడింట రెండు వంతులకు పైగా కార్బొనేట్లే.

ఇక్కడ ఆమ్లం పోస్తే ఏమవుతుందో లెక్క వేద్దాం. కిలో డోలమైట్ పూర్తిగా కరగాలంటే కిలోకు పైగా గంధకికామ్లం కావాలి. అంటే టన్ను ఖనిజానికి సుమారు 7 క్వింటాళ్ల ఆమ్లం. అంత ఆమ్లం ఖర్చుపెడితే దక్కేది అర కిలో లోపు. బ్యాక్టీరియాతో ఆ ఆమ్లం పుట్టించాలన్నా అదే లెక్క. అవి పుట్టించినదాన్ని పుట్టించినట్టే రాయి తాగేస్తుంది, నీరు పుల్లబడదు. పులుపు లేని నీటిలో ఫెర్రిక్ ఇనుము తుప్పుగా అడుక్కి దిగిపోతుంది. ఆ బ్యాక్టీరియా కూడా బతకదు. కాలిఫోర్నియాలో కార్బొనేట్ కరగడమే పని. తుమ్మలపల్లెలో ఆ కరగడమే నష్టం.

అందుకే తుమ్మలపల్లెలో క్షార మార్గం పట్టారు. భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు మన దేశంలో తొలిసారి ఆ పద్ధతిని రూపొందించారు. అందులో వాడేవి మీకు తెలిసినవే. ఒకటి బట్టలుతికే చాకలి సోడా, రెండోది వంటసోడా. ఖనిజాన్ని పిండిలా రుబ్బి, ఈ సోడాల ద్రావణంలో కలిపి, మూసిన పాత్రల్లో 120 డిగ్రీల దాకా వేడిచేసి, ఒత్తిడితో ఆక్సిజన్ పంపుతారు. యురేనియం కార్బొనేట్‌తో జట్టుకట్టి కరిగి బయటికొస్తుంది, డోలమైట్ అలాగే ఉండిపోతుంది. 2012లో మొదలైన ఆ మిల్లును రోజుకు 3000 టన్నుల ఖనిజం ఆడించేలా కట్టారు. ఆ రాయి స్వభావాన్ని గౌరవించి కనిపెట్టిన పద్ధతి అది. దాన్ని సాధించినవాళ్లను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

అయితే లోహం తీశాక మిగిలిన పిండి ఎక్కడికి పోతుంది? టన్ను రాయి రుబ్బితే దాదాపు టన్ను బురద మిగులుతుంది. దాన్ని వ్యర్థాల చెరువులోకి పంపుతారు. యురేనియం క్షయంతో పుట్టిన రేడియం చాలావరకు ఆ బురదలోనే ఉంటుంది. కరగకుండా మిగిలిన యురేనియమూ, వాడిన సోడాలో కొంతా ఉంటాయి. చుట్టుపక్కల ఊళ్ల రైతులు తమ బోర్ల నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని కొన్నేళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. ఆ మిల్లును నడిపే యురేనియం కార్పొరేషన్ తన వల్ల కాలుష్యం లేదంటోంది. ఆమ్లం లేనంత మాత్రాన నీటికి భయం లేదని అనుకోవడానికి వీల్లేదు. కార్బొనేట్ ఉన్న నీటిలో యురేనియం కదలగలదు. మిల్లులో అది పనికొచ్చిన గుణం, బోరులో ప్రమాదం తెచ్చే గుణం కూడా.

ఇక నల్లగొండ జిల్లాకు వద్దాం. నాగార్జునసాగర్ జలాశయానికి దగ్గరలో లంబాపురం, పెద్దగట్టు అనే ఊళ్లున్నాయి. అక్కడి గుట్టల పైన శ్రీశైలం క్వార్ట్జైట్, కింద గ్రానైట్. ఆ రెండూ కలిసే అంచున, ముఖ్యంగా గ్రానైట్‌లో, యురేనియం ఉంది. పైరైట్ కూడా ఉంది. మన వంటగట్టు పరీక్ష ఇక్కడ వేరే జవాబిస్తుంది. గ్రానైట్ ఆమ్లాన్ని తాగేయదు. రసాయన శాస్త్రం వరకు చూస్తే, ఆమ్లం పనిచేసే రాయి, బ్యాక్టీరియా బతికే రాయి ఇదే.

కానీ ఆ గుట్టల పక్కనే ఉన్నవి కృష్ణా నీళ్లు. నాగార్జునసాగర్ నుంచి అక్కంపల్లి రిజర్వాయర్‌కు వచ్చే నీరే 2004 నుంచి మన జంటనగరాలకు తాగునీరుగా అందుతోంది. పొలాలకు అందే సాగర్ కాలువల సంగతి చెప్పనక్కరలేదు. 2003లో అక్కడ జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో జనం గట్టిగా వద్దన్నారు. తవ్వకం ఇప్పటికీ మొదలవలేదు. నల్లమలలోని ఆమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు చెంచుల గూడేల నుంచి పట్టణాల దాకా నిరసన లేచింది. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకం వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఆ భయాన్ని తెలియనితనం అని కొట్టిపారేసేవాళ్లున్నారు. వాళ్లకు ఇలియట్ లేక్ రెండో సగం కథ చెప్పాలి. ఆ గనుల వ్యర్థాల్లోనూ పైరైట్ ఉంది. గాలి తగిలిన ఆ వ్యర్థాల కుప్పల్లో బ్యాక్టీరియా ఆమ్లాన్ని పుట్టిస్తూనే పోయింది. ఆ ఆమ్లం, దానితో రేడియం, సర్పెంట్ నదిలోకి దిగాయి. నది పొడవునా చేపలకూ, ఆ నది ఒడ్డున తరతరాలుగా ఉంటున్న ఆదివాసులకూ అది చేటు చేసింది. గనిలో సంపద తెచ్చిన జీవీ, నదిని పాడుచేసిన జీవీ ఒకటే. గని మూసేశాక కూలీలు ఇళ్లకు వెళ్లిపోతారు, ఆఫీసుకు తాళం పడుతుంది. గాలి, నీరు, పైరైట్ ఉన్నంతకాలం బ్యాక్టీరియా మాత్రం పని ఆపదు. అక్కడ ఇప్పుడు ఆ వ్యర్థాల్లో చాలాభాగాన్ని నీటి కింద ముంచి ఉంచారు. నీరు కప్పితే ఆక్సిజన్ అందదు, ఆమ్లం పుట్టడం బాగా తగ్గుతుంది. ఆ నీటి మట్టాన్ని, కట్టల్ని తరాల తరబడి కాపాడుతూ ఉండాలి.

మరమ్మతు చేసే బ్యాక్టీరియా కూడా ఉంది. జియోబాక్టర్ అనే జాతి, రాయిని కరిగించే బ్యాక్టీరియాకు ఎదురు పని చేస్తుంది. నీటిలో కరిగిన ఆరో స్థితి యురేనియానికి ఎలక్ట్రాన్లిచ్చి, కరగని నాలుగో స్థితికి తెస్తుంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని రైఫిల్ అనే పాత యురేనియం మిల్లు స్థలంలో 2002లో భూగర్భ జలంలోకి అసిటేట్, అంటే వెనిగర్ జాతి పదార్థం పంపి ఈ బ్యాక్టీరియాను పెంచారు. నీటిలో యురేనియం తగ్గింది. అయితే పరిస్థితులు మారి ఆక్సిజన్ చేరితే ఆ యురేనియం మళ్లీ కరిగే వీలుంది. కనుక పాడుచేసి తర్వాత బాగుచేసుకోవచ్చులే అనే ధీమా పనికిరాదు.

ఇదంతా విన్నాక మీరు నన్ను అడగవచ్చు, ఈ బ్యాక్టీరియాను వాడాలంటారా, వద్దంటారా అని. నా మాట స్పష్టంగా చెబుతాను. నేల మీద కట్టిన మూసిన తొట్లలో, లోపలికి పోయే ప్రతి చుక్కకూ బయటికొచ్చే ప్రతి చుక్కకూ లెక్క ఉన్నచోట, వాడాలి. ఇప్పటికే తవ్వి పోసిన తక్కువ రకం ఖనిజం మీద, పాత వ్యర్థాల మీద ముందుగా వాడాలి. అలా చేస్తే కొత్త కొండ తవ్వకుండానే కొంత లోహం దక్కుతుంది, కుప్పల్లోని పైరైట్ కూడా మన అదుపులో ఖర్చయిపోతుంది. బీటలు వారిన గ్రానైట్ లోపల, ఒక జలాశయం ఒడ్డున, లక్షల మంది తాగే నీటి పక్కన వాడకూడదు. గ్రానైట్ ఆమ్లాన్ని తాగదు అన్నాను కదా. దానికి ఇంకో అర్థం ఉంది. పగుళ్లలోకి దిగిన ఆమ్లాన్ని ఆపి మందగింపజేసే సున్నం కూడా ఆ రాయిలో పెద్దగా ఉండదు. ఆ రాయిలో పనిని సులువు చేసే గుణమే ప్రమాదాన్ని దూరం మోసుకుపోతుంది.

మన నగరానికి ఇందులో ప్రత్యేకమైన బాధ్యత ఉందని నేను నమ్ముతాను. ఖనిజం ఎక్కడుందో చెప్పే సంస్థ మన దగ్గరుంది. ఇంధనం చేసే కర్మాగారం మన దగ్గరుంది. ఆ రెండింట్లో మన పిల్లలు ఉద్యోగాలు చేస్తున్నారు. మధ్య పని జరిగే చోట మాత్రం వేరే ఊళ్లవాళ్లు బతుకుతున్నారు. వాళ్ల తరఫున మనం మూడు సంగతులు అడగాలి.

మొదటిది, గని తెరవకముందే చుట్టూ ఉన్న ప్రతి బావి, ప్రతి బోరు నీటిని పరీక్షించి, ఆ వివరాలను ఊరి పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. ముందు నీరు ఎలా ఉందో తెలియకపోతే తర్వాత ఏం మారిందో ఎవరూ రుజువు చేయలేరు. రెండోది, గని నడిచినంతకాలం ఆ పరీక్షలు ప్రతి కాలంలోనూ జరగాలి, గనితో సంబంధం లేని విశ్వవిద్యాలయాల చేత జరగాలి. మూడోది, గని మూతపడ్డాక వ్యర్థాల చెరువు కాపలాకు, మరమ్మతుకు కావలసిన డబ్బు తవ్వకం మొదలైన రోజు నుంచే విడిగా జమ కావాలి. పని ఆపని జీవుల్ని పనిలో పెట్టుకున్నప్పుడు, కాపలా కూడా ఆగకూడదు.

శ్రోతల్లో కాలేజీలో చదువుతున్న పిల్లలుంటే వాళ్లకు ఒక మాట. ఈ శాస్త్రంలో చేయవలసిన పని చాలా ఉంది. రసాయనం, జీవం, భూగర్భం, నీరు ఈ నాలుగూ తెలిసినవాళ్లు కావాలి. మీరు ఏ ప్రయోగశాలలో చేరినా, ఏ బ్యాక్టీరియాను పెంచినా, ముందు ఆ రాయి ఏదో తెలుసుకోండి. ఆ వెంటనే ఆ రాయి పక్కన ఎవరు నీళ్లు తాగుతున్నారో అడగండి. ఆ రెండు జవాబులూ చేతిలో ఉన్నప్పుడే మూడో అడుగు వేయండి.